స్టానిజ్ ఎడ్జ్ గ్రూపు నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

షెఫీల్డ్, మాంచెస్టర్, లీడ్స్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం వేసవి శనివారాల్లో కలిసి నడిచే దారుల్లో అందరూ మళ్ళీ మళ్ళీ అడిగేది స్టానిజ్ ఎడ్జ్. నడక ప్రకటించగానే వాట్సాప్‌లో ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కువగా వచ్చేవాటికి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాం. అన్నీ చదివే ఓపిక లేకపోతే బూట్ల గురించీ, అంచు గురించీ రాసినవి మాత్రం తప్పకుండా చదవండి.

ఇంతకీ ఇది ఎక్కడుంది? అక్కడ చూడ్డానికి ఏముంది?

ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో, షెఫీల్డ్‌కి పడమటి వైపున, హాదర్‌సేజ్ అనే ఊరికి పైన ఉంది. తూర్పు నుంచి చదునుగా వచ్చిన బీడు నేల పడమటి వైపు ఒక్కసారిగా తెగిపోయి రాతి గోడలా నిలబడుతుంది. ఆ గోడ దాదాపు ఆరు కిలోమీటర్ల పొడవుంటుంది. దాని పైఅంచు వెంట నడవడమే మన పని. అన్నిటికన్నా ఎత్తైన చోటు హై నెబ్, 458 మీటర్లు.

అంకె చూసి ఇంతేనా అనుకోకండి. అంచు ఎక్కగానే కింద లోయంతా ఒకేసారి కనిపిస్తుంది. విన్ హిల్, లూజ్ హిల్, మామ్ టార్, వాటి వెనక కిండర్ స్కౌట్ పీఠభూమి. మధ్యలో హోప్ సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కూడా కనిపిస్తుంది. ఫొటోల్లో చాలామంది దాన్ని కత్తిరించేస్తారు. నాకైతే దారి పోల్చుకోవడానికి అంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు.

ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది?

స్టేషన్ నుంచి బయల్దేరి మళ్ళీ స్టేషన్‌కి చేరేసరికి 14–15 కిలోమీటర్లు. తిండికీ ఫొటోలకీ ఆగడం కలుపుకుంటే ఆరు గంటలు. ఊళ్ళోంచి బాల్క్ లేన్ పట్టుకుని, పొలాల మధ్య నుంచి నార్త్ లీస్ హాల్ అనే పాత రాతి భవనం దాటి, స్టానిజ్ ప్లాంటేషన్ చెట్ల మధ్య దారిలో పైకి ఎక్కుతాం. అంచు చేరాక ముందు ఎడమకి తిరిగి హై నెబ్ దాకా వెళ్ళొస్తాం. తర్వాత దక్షిణంగా అంచు చివరిదాకా నడిచి, హుక్స్ కార్ పార్కింగ్ మీదుగా ఊళ్ళోకి దిగుతాం.

అంత దూరం వద్దనుకునేవాళ్ళు హై నెబ్‌కి రాకుండా, మేం తిరిగి వచ్చేదాకా ప్లాంటేషన్ దారి పైన కూర్చోవచ్చు. దాదాపు మూడు కిలోమీటర్లు తగ్గుతుంది. ఒంటరిగా ఎవరినీ వదలం, తోడు ఒకరుంటారు.

నాకు ట్రెక్కింగ్ అలవాటు లేదు. రావచ్చా?

అలిపిరి నుంచి నడిచి తిరుమల ఎక్కినవాళ్ళెవరైనా రావచ్చు. ఇక్కడ ఎక్కేది అంతకన్నా తక్కువే. నిజంగా ఆయాసం వచ్చేది ప్లాంటేషన్ నుంచి అంచు దాకా ఉన్న ఒక్క ముక్కలోనే. పైకి చేరాక దారి దాదాపు చదునే, కాకపోతే రాళ్ళు ఎక్కువ. కాలు ఎక్కడ పెడుతున్నామో చూసుకుంటూ నడవాలి.

వెనకబడిపోతానేమో అని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది ఉంటారు. గ్రూపు నడిచేది అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి వేగంతోనే. ముందు ఒకరు, చివర ఒకరు దారి తెలిసినవాళ్ళు ఉంటారు. గేటు వచ్చినా, దారి చీలినా ముందువాళ్ళు ఆగుతారు. వెనకవాళ్ళు వచ్చి చేరగానే ముందువాళ్ళు లేచి బయల్దేరడం మా దగ్గర కుదరదు. ఆఖరున వచ్చినవాళ్ళు కూడా ఊపిరి పీల్చుకుని, నీళ్ళు తాగాకే కదులుతాం. జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళకి ఇది విసుగనిపించవచ్చు. వాళ్ళు ఇంకో రోజు తమ వేగంతో వచ్చి నడుచుకోవచ్చు.

అంచు మీద నడవడం ప్రమాదం కాదా?

దారి ప్రమాదం కాదు. ఫోన్ ప్రమాదం.

కాలిబాట చాలాచోట్ల అంచుకి కాస్త ఎడంగానే ఉంటుంది, అక్కడక్కడా బండలు పరిచి ఉంటాయి. దానిమీద నడిచినంతసేపూ భయపడాల్సింది లేదు. కానీ రాతి గోడ కొన్నిచోట్ల 20 మీటర్ల దాకా నిట్టనిలువుగా దిగుతుంది. ఎక్కడా రెయిలింగ్ లేదు, హెచ్చరిక బోర్డుల కోసం చూడకండి. ఈ దేశంలో కొండల మీద పద్ధతే అంత, ఎవరి జాగ్రత్త వాళ్ళదే. ముందుకి పొడుచుకొచ్చిన బండలు ఫొటోకి పిలుస్తున్నట్టే ఉంటాయి. ఫొటో దిగాలంటే కూర్చుని దిగండి. వెనక్కి అడుగులు వేస్తూ ఎవరికీ ఫొటో తీయకండి, వేసే ప్రతి అడుగూ ముందుకే ఉండాలి. గాలి గట్టిగా ఉన్న రోజు అంచుకి రెండు మీటర్లకన్నా దగ్గరగా ఎవరూ వెళ్ళకూడదని నడిపించేవాళ్ళు చెబితే, అక్కడ వాదన వద్దు.

ఇక్కడి రాయి గరుకు. పొడిగా ఉన్నప్పుడు బూటు బాగా పట్టుకుంటుంది. అదే రాయి తడిసినప్పుడు, ముఖ్యంగా పచ్చగా నాచు పట్టిన చోట, జర్రున జారుతుంది. నిన్న వాన పడి ఈరోజు ఎండ కాసినా నీడలో ఉన్న బండలు తడిగానే ఉంటాయి.

ఎత్తులంటే కళ్ళు తిరిగేవాళ్ళు ముందే చెప్పండి. దారికి లోపలి వైపున, బీడు మీదుగా నడిపిస్తాం. లోయ కనపడకపోయినా ఆకాశం మొత్తం మీదే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. తీసుకురావచ్చా?

తప్పకుండా. వేసవిలో మా గ్రూపులో సగం మంది వాళ్ళే అనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడంకన్నా దిగడమే బాధ. వాకింగ్ స్టిక్స్ ఒక జత ఉంటే ఆ బరువు కొంత చేతులు మోస్తాయి. పూర్తి నడక వద్దనుకుంటే కారులో హుక్స్ కార్ దాకా వచ్చి, అక్కడి నుంచి నెమ్మదిగా అంచు ఎక్కి మమ్మల్ని కలవచ్చు. దూరం తక్కువ, చూసేది అదే.

రెండు మాటలు. బీపీ, షుగర్ మాత్రలు ఇంట్లో వదిలి రాకండి, బ్యాగులో పెట్టండి. పెద్దవాళ్ళు చీరలో రావచ్చు, ఇబ్బందేం లేదు, కానీ కుచ్చిళ్ళు చీలమండ పైకి కట్టుకుని కింద బూట్లు వేసుకోవాలి. చెప్పులతో మాత్రం వద్దండీ. అత్తయ్యగారు చెప్పులతోనే పొలమంతా తిరిగేవారని మీరంటారు. నిజమే, ఆ పొలం ఇలా తడిసి ఉండేది కాదు.

చిన్నపిల్లలు?

ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళు మనకన్నా బాగా నడుస్తారు. అంచు మీద ఉన్నంతసేపూ పిల్లల పూచీ అమ్మానాన్నలదే, గ్రూపుది కాదు. ప్రామ్ కుదరదు. పసివాళ్ళని వీపుకి కట్టుకునే క్యారియర్‌లో తేవచ్చు.

బూట్లు, బట్టలు ఎలాంటివి?

చీలమండ దాకా వచ్చే వాకింగ్ బూట్లు మంచివి. వారం రోజులుగా వాన లేని ఎండాకాలమైతే అడుగు గట్టిగా ఉన్న ట్రైనర్స్ కూడా సరిపోతాయి. కొత్త బూట్లు కొన్నవాళ్ళు వాటిని రెండు వారాలు ఇంట్లోనూ, షాపింగుకీ తొడుక్కుని తిరగండి. నడక రోజే పెట్టె తెరిస్తే మధ్యాహ్నానికి మడమ మీద బొబ్బ ఖాయం.

జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు, బరువెక్కుతుంది, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. తొందరగా ఆరే ప్యాంటు, టీషర్టు, దానిపైన ఒక ఫ్లీస్, అన్నిటికన్నా పైన వాన ఆపే జాకెట్. జూలైలో కూడా ఇవన్నీ కావాలి. గొడుగు ఇంట్లో పెట్టి రండి, అంచు మీద గాలికి అది మిమ్మల్ని ఎటు తీసుకెళ్తుందో చెప్పలేం. గొడుగుకి బదులు టోపీ తెచ్చుకోండి. ఖరీదైన బ్రాండ్లు అక్కర్లేదు, డెకథ్లాన్‌లో అన్నీ దొరుకుతాయి.

షెఫీల్డ్‌లో ఎండగా ఉంది. అక్కడా అలాగే ఉంటుంది కదా?

ఉండకపోవచ్చు. ఊరికన్నా మూడు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంటాం కాబట్టి రెండు మూడు డిగ్రీలు తక్కువ. అసలు తేడా గాలిది. ఈ గోడ పడమటికి తిరిగి ఉంది, ఇక్కడ గాలి ఎక్కువగా వీచేది పడమటి నుంచే. లోయ దాటి వచ్చిన గాలి గోడకి తగిలి పైకి లేచి, మన మొహాన కొడుతుంది. ఆ లేచే గాలి కోసమే పారాగ్లైడింగ్ చేసేవాళ్ళు ఇక్కడికి వస్తారు. వాళ్ళు కనిపించారంటే ఫొటోలకి మంచి రోజు, టోపీలకి కాదు.

మబ్బు కిందకి దిగితే పది అడుగుల ముందున్న మనిషి కనపడడు. అలాంటప్పుడు మాట్లాడుకుంటూ, దగ్గర దగ్గరగా నడుస్తాం.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

ఆగస్టు రెండో సగం. హెదర్ అనే పొట్టి పొద పూసి బీడంతా ఊదారంగుకి మారుతుంది. ఆ రంగు చూశాక మిగతా నెలలు కాస్త బోసిగానే అనిపిస్తాయి. మే, జూన్‌లలో పక్షులు ఎక్కువ, పగలు పొడవు. డిసెంబర్‌లో నాలుగింటిలోపే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి చలికాలంలో ఈ నడక పెట్టం.

తిండి సంగతి?

ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, కానీ ఎవరూ తమది తాము తినరని మాకు తెలుసు. పులిహోర, చపాతీ చుట్టలు, ఉడకబెట్టిన గుడ్లు బాగా సరిపోతాయి. దద్దోజనం ఎండ రోజున అమృతమే, మూత గట్టిగా ఉన్న డబ్బాలో తెండి. సాంబారు వద్దు. ఇది వనభోజనం కాదు, ఆరుగురు మోసే క్యారేజీలు కుదరవు. మనిషికి ఒకటిన్నర లీటర్ల నీళ్ళు, ఫ్లాస్కులో టీ. దారిలో కొట్లు లేవు. అంచుకి కింద బండల చాటున కూర్చుంటే గాలి అంతగా తగలదు, మధ్యాహ్నం తినేది అక్కడే.

గొర్రెలు దగ్గరికి వచ్చినా ఏమీ పెట్టకండి. అరటి తొక్క మట్టిలో కలిసిపోతుందిలే అని పారేయకండి. ఈ చలికి అది నెలల తరబడి అలాగే పడి ఉంటుంది.

దారిలో టాయిలెట్ ఉందా?

ఆడవాళ్ళు పర్సనల్ మెసేజ్‌లో అడుగుతారు కానీ ఇది అందరికీ కావలసిన జవాబు. బయల్దేరే ముందు హాదర్‌సేజ్ ఊళ్ళో వెళ్ళి రండి, అందుకోసమే అక్కడ పావుగంట ఆగుతాం. పైన ఏమీ లేదు. అవసరమైతే బండల చాటున, దారికీ నీటికీ దూరంగా వెళ్ళాలి. వాడిన కాగితం, ప్యాడ్‌లు జిప్ కవర్లో పెట్టుకుని ఇంటికి తెచ్చేయాలి. ఎవరైనా ఆగాలంటే గ్రూపు ఆగుతుంది, కారణం అడగరు.

ఎలా రావాలి?

రైలు మంచిది. షెఫీల్డ్ నుంచి మాంచెస్టర్ వెళ్ళే హోప్ వ్యాలీ లైను మీదే హాదర్‌సేజ్ స్టేషన్ ఉంది. షెఫీల్డ్ నుంచి ఇరవై నిమిషాలు, మాంచెస్టర్ పికడిలీ నుంచి గంట. అన్ని స్టేషన్లలో ఆగే నార్తర్న్ బండి ఎక్కండి. ఈ లైనులో వేగంగా వెళ్ళే రైళ్ళు చాలావరకు ఇక్కడ ఆగవు, కిటికీలోంచి హాదర్‌సేజ్‌కి చెయ్యి ఊపుకోవాల్సి వస్తుంది. పిల్లలతో వచ్చేవాళ్ళకి ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ ఉంటే పెద్దవాళ్ళ టికెట్‌లో మూడో వంతు, పిల్లల టికెట్‌లో 60 శాతం తగ్గుతుంది.

కారైతే హుక్స్ కార్, హాలిన్ బ్యాంక్ పార్కింగులు ఉన్నాయి, రెండిట్లోనూ డబ్బు కట్టాలి. ఎండ కాసిన శనివారం పొద్దున్నే నిండిపోతాయి. అప్పుడు రోడ్డు పక్కన గడ్డి మీద పెట్టేయకండి. ఆ రోడ్డు సన్నం, ఫైరింజన్ పోవాలన్నా దారి ఉండదు.

అంచు కింద తిరగలి రాళ్ళు పడున్నాయి. ఎవరు వదిలేశారు?

నన్నడిగితే ఈ నడకలో అన్నిటికన్నా చూడాల్సినవి అవే. హై నెబ్ కింద గడ్డిలో గుండ్రంగా చెక్కిన పెద్ద రాళ్ళు, మనిషి నడుము ఎత్తువి, కొన్ని వరుసగా ఒకదానికొకటి ఆనించినట్టు, కొన్ని సగం చెక్కినవి. ఈ కొండ రాయి పేరే మిల్‌స్టోన్ గ్రిట్. 30 కోట్ల ఏళ్ళకు పూర్వం ఉత్తరాన ఉన్న కొండల నుంచి పెద్ద నదులు మోసుకొచ్చిన ఇసుక ఇక్కడ డెల్టాగా పేరుకుని, గట్టిపడి రాయైంది. చేత్తో తడిమితే ఆ ఇసుక రేణువులు ఇప్పటికీ తగులుతాయి. ఆ గరుకు వల్లే ధాన్యం విసరడానికి పనికొచ్చింది. వందల ఏళ్ళు ఇక్కడే రాయి కొట్టి, ఇక్కడే చెక్కి, దొర్లించి కిందకి దించేవారు.

తర్వాత జనం తెల్ల రొట్టె అడగడం మొదలుపెట్టారు. ఈ రాయితో విసిరితే పిండి బూడిదరంగుకి తిరుగుతుంది. ఫ్రాన్సు నుంచి వచ్చే రాయితో ఆ బాధ లేదు. గిరాకీ పడిపోయింది. కొనేవాడు లేక, కొండ దించే కూలి కూడా గిట్టక, చెక్కినవి చెక్కినట్టే వదిలేశారు. ఇప్పుడు ఆ తిరగలి రాయే పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు గుర్తు. పార్కు సరిహద్దుల్లో రోడ్ల పక్కన నిలబెట్టి ఉంటుంది, కారులో వస్తూ చూసే ఉంటారు.

బండల మీద గుంటలు, పక్కన నంబర్లు ఉన్నాయి. అవేంటి?

గ్రౌస్ అనే బీడు పక్షులు నీళ్ళు తాగడానికి చెక్కించిన తొట్లు. వాన నీరు అందులోకి చేరడానికి సన్నటి కాలవలు కూడా ఉంటాయి. ఇదంతా పక్షుల మీద దయతో చేసింది కాదు. వేటగాళ్ళు కాల్చడానికి పక్షులు బాగా పెరగాలి కదా. పిల్లలకి నంబర్లు వెతకడం మంచి ఆట, కానీ తొట్లు అంచుకి దగ్గరగా ఉంటాయి, పక్కన మీరుండాలి.

ఇది ఎవరి భూమి? ఇంతమంది నడిస్తే ఎవరూ ఏమనరా?

ఇప్పుడు అనరు. స్టానిజ్ ఉన్న నార్త్ లీస్ ఎస్టేటు నేషనల్ పార్కు సంస్థదే. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల బీళ్ళన్నీ దొరల వేట భూములు. ఏడాదిలో కొద్ది రోజుల వేట కోసం మిగతా రోజులన్నీ కాపలావాళ్ళు జనాన్ని తరిమేవారు. షెఫీల్డ్, మాంచెస్టర్ ఫ్యాక్టరీల్లో వారమంతా పనిచేసేవాళ్ళకి ఆదివారం ఒక్కపూట గాలి పీల్చుకోవడానికి కనపడే కొండే, ఎక్కడానికి వీల్లేనిది.

1932 ఏప్రిల్ 24న, ఇక్కడి నుంచి మనకి కనపడే ఆ కిండర్ స్కౌట్ మీదకి కొన్ని వందల మంది కావాలనే నడిచి వెళ్ళారు. ముందు నడిచినవాళ్ళలో బెన్నీ రోత్‌మన్ వయసు ఇరవై. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది, ఆరుగురిని అరెస్టు చేశారు, ఐదుగురికి జైలు పడింది. ఆ శిక్షలు చూసి అప్పటిదాకా పట్టించుకోని జనం కూడా నడిచేవాళ్ళ వైపు తిరిగారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. 1951లో దేశంలో మొట్టమొదటి నేషనల్ పార్కుగా ప్రకటించింది పీక్ డిస్ట్రిక్ట్‌నే. ఇంగ్లండ్, వేల్స్‌లలో బీళ్ళ మీద కాలిబాట వదిలి కూడా స్వేచ్ఛగా నడిచే హక్కు 2000 నాటి చట్టంతో వచ్చింది.

ఈ హక్కు పొలాలకి వర్తించదు. కింద నార్త్ లీస్ దగ్గర పొలాల్లో కాలిబాట మీదే ఒకరి వెనక ఒకరుగా నడవాలి. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, మూసుంటే మూయాలి.

తాళ్ళు కట్టుకుని ఎక్కేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చా?

చూడండి, మాట్లాడండి, చాలామంది సరదాగా చెబుతారు. ఇక్కడ ఎక్కే దారులు వెయ్యికి పైనే, ఒక్కోదానికి ఒక్కో పేరు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఎక్కుతున్నారు. అయితే అంచు పైన తాళ్ళు అడ్డంగా ఉంటాయి. వాటిని తొక్కకండి, ముట్టుకోకండి, దాటి వెళ్ళండి. ఆ తాడు చివర ఒక మనిషి వేలాడుతున్నాడు. అంచు మీద నుంచి చిన్న రాయి కూడా కిందకి విసరకూడదు. పిల్లలకి ఇది ఇంట్లోనే చెప్పి తీసుకురండి.

రాబిన్ హుడ్ గుహ చూపిస్తారా?

పైనుంచి చూపిస్తాం. లోపలికి వెళ్ళాలంటే అంచు దిగి బండలు పట్టుకుని పోవాలి, గ్రూపుతో తీసుకెళ్ళం. గాలీ వానా తొలిచిన గుహ అది, ముందు బాల్కనీలా ఉంటుంది. రాబిన్ హుడ్ అక్కడ దాక్కున్నాడనేది కథ. అతని అనుచరుడు లిటిల్ జాన్ సమాధి అని చెప్పేది హాదర్‌సేజ్ చర్చి ఆవరణలో ఉంది. మామూలు సమాధికి రెండింతల పొడవు. రైలుకి టైముంటే చూసొద్దాం.

పాములున్నాయా?

ఉన్నాయి, యాడర్ అనే ఒక్క విషసర్పం. మన అలికిడికే తప్పుకుంటుంది. కనపడితే దూరంగా నిలబడి చూడండి. కర్రతో పొడిచే వీరత్వం వద్దు.

పాముకన్నా టిక్ అనే పురుగుతో జాగ్రత్త. గడ్డిలోంచి కాళ్ళకి పట్టుకుంటుంది, లైమ్ జబ్బు తేవచ్చు. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి. ఇంటికెళ్ళాక మోకాళ్ళ వెనక, గజ్జల్లో చూసుకోండి. కనిపిస్తే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి నిదానంగా పైకి లాగేయాలి. తర్వాతి వారాల్లో చుట్టూ ఎర్రటి వలయం పెరుగుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

కుక్కని తేవచ్చా?

తేవచ్చు. మార్చి 1 నుంచి జూలై 31 దాకా బీడు మీద పొట్టి తాడుతో పట్టుకోవాలని చట్టం. కర్లూ, ల్యాప్‌వింగ్ లాంటి పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి. రింగ్ ఊజెల్ అనే అరుదైన పక్షి ఈ రాతి గోడలోనే గూడు కడుతుంది. దాని కోసం కొన్నిచోట్ల దూరంగా ఉండమని కాగితాలు అంటిస్తారు. అవి మనుషులకి కూడా.

డ్రోన్, స్పీకర్, చిన్న బార్బెక్యూ?

మూడూ వద్దు. బార్బెక్యూ అసలే వద్దు. ఈ నేల పీట్, అంటే వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళని మొక్కల పొర. ఎండాకాలంలో అంటుకుంటే లోలోపల రోజుల తరబడి కాలుతుంది. 2018లో ఇక్కడికి ఉత్తరాన సాడిల్‌వర్త్ బీడు అంటుకుంటే సైన్యాన్ని దించాల్సి వచ్చింది. సిగరెట్ కాల్చేవాళ్ళు ఊరు చేరేదాకా ఓర్చుకోండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే?

నడిపించేవాళ్ళ దగ్గర ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపు (డార్క్ పీక్, ఓఎల్ 1) ఉంటాయి. నడవలేని స్థితి అయితే 999కి ఫోన్ చేసి, ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. నేరుగా అంబులెన్స్ అడిగితే అది రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. మ్యాపు నుంచి గ్రిడ్ రిఫరెన్స్, అంటే మనమున్న చోటుని తెలిపే అంకెలు, చదివి చెప్పాలి. అంచు కింద సిగ్నల్ సరిగా ఉండదు, పైకెక్కి చేయండి. విజిల్ ఉంటే నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి.

మౌంటెన్ రెస్క్యూ నుంచి వచ్చేవాళ్ళంతా వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. బిల్లు వస్తుందేమోనని ఫోన్ చేయడం ఆలస్యం చేయకండి.

వాన పడితే రద్దు చేస్తారా?

మామూలు వానకి చేయం. ఉరుములు, పెనుగాలి, మంచు హెచ్చరిక ఉంటే శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో చెబుతాం. ఏ మెసేజూ రాకపోతే నడక ఉన్నట్టే. పొద్దున పదింటికి స్టేషన్ బయట కలుద్దాం. రావడం కుదరకపోతే ఒక్క ముక్క పెట్టండి, లేకపోతే మీకోసం ఎదురుచూస్తూ నిలబడతాం.